బ్యాలెన్స్ షాఫ్టులు పీకేద్దామా? పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

రెండు లీటర్లు, ఆపైన ఉండే నాలుగు సిలిండర్ల ఇంజిన్లలోని బ్యాలెన్స్ షాఫ్టుల మీద (ఇంజిన్ కుదుపును తగ్గించడానికి లోపల తిరిగే, ఒకవైపు బరువున్న కడ్డీలివి) ఈసారి చాలా ఉత్తరాలొచ్చాయి. ఒకే తీరు ప్రశ్నల్ని కలిపేసి జవాబిస్తున్నాం.

ప్రశ్న: నాలుగు సిలిండర్ల ఇంజిన్లో రెండు పిస్టన్లు పైకి పోతుంటే రెండు కిందికి వస్తాయి. లెక్క సరిపోయినట్టే కదా, మళ్ళీ ఈ షాఫ్టులెందుకు? అవి తీసేస్తే క్రాంక్ షాఫ్ట్ విరుగుతుందని కొందరంటారు. నిజమేనా?
– మెకానికల్ విద్యార్థి, కాకినాడ

జవాబు: రెండు పైకి, రెండు కిందికి అన్నంతవరకు నిజమే. అయితే పైన ఉన్న పిస్టన్ల కదలికా, కింద ఉన్న వాటి కదలికా ఒకటి కావు. షాఫ్టులు పీకడానికి పేరుమోసిన మిత్సుబిషి 4జి63 ఇంజిన్నే తీసుకుందాం. బోర్ (సిలిండర్ వ్యాసం) 85 మి.మీ., స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) 88 మి.మీ., పిస్టన్‌ని క్రాంక్‌కి కలిపే కనెక్టింగ్ రాడ్ 150 మి.మీ. క్రాంక్ పై నుంచి పావు చుట్టు తిరిగేసరికి పిస్టన్ 50.6 మి.మీ. దిగిపోతుంది. తర్వాతి పావు చుట్టులో దిగేది 37.4 మి.మీ. మాత్రమే. రాడ్ పక్కకు వాలడం వల్ల వచ్చిన తేడా ఇది. అంటే పై సగంలో పిస్టన్ వేగం ఎక్కువ, దాన్ని ఆపి తిప్పడానికి కావాల్సిన బలమూ ఎక్కువే. కింద ఉన్న రెండు పిస్టన్లు ఆ బలాన్ని పూర్తిగా రద్దు చేయలేవు. ఆ మిగులు బలం క్రాంక్ ఒక్క చుట్టు తిరిగేలోగా రెండుసార్లు ఇంజిన్‌ని పైకీ కిందికీ కుదుపుతుంది. దీన్నే సెకండరీ ఫోర్స్ అంటారు.

అదెంతో చూడండి. పిస్టన్, పిన్, రింగులు, రాడ్ పైభాగం కలిపి సిలిండర్‌కి 600 గ్రాములనుకుంటే, 6,000 ఆర్‌పిఎం (నిమిషానికి చుట్లు) దగ్గర నాలుగింటికీ కలిపి దాదాపు 1,250 కిలోల బలం తేలుతుంది. అది సెకనుకు 200 సార్లు. వేగం సగమైతే బలం నాలుగో వంతుకు పడిపోతుంది, కాబట్టి 3,000 దగ్గర 310 కిలోలు. 800 ఆర్‌పిఎం ఐడిల్‌లో 22 కిలోలే. ఐడిల్‌లో స్టీరింగ్ వణికితే అందుకే షాఫ్టుల్ని అనుమానించకండి. ముందు ప్లగ్గులు, ఇంజెక్టర్లు, మౌంటింగులు చూడండి.

క్రాంక్‌కి రెట్టింపు వేగంతో, ఎదురెదురు దిశల్లో తిరిగే రెండు షాఫ్టులు చెరి సగం బలాన్ని రద్దు చేస్తాయి. వాటి అడ్డ బలాలు ఒకదానికొకటి చెల్లిపోతాయి. ఇంగ్లండుకు చెందిన లాంచెస్టర్ కనిపెట్టిన ఈ పద్ధతికి 1970లలో మిత్సుబిషి మళ్ళీ ప్రాణం పోసింది. ఒక షాఫ్టును పైన, రెండోదాన్ని కింద పెట్టి ఇంజిన్ అటూ ఇటూ ఒరిగే ఊపును కూడా తగ్గించింది. పోర్షే 944 ఇంజిన్‌కి ఆ పేటెంట్లను డబ్బు కట్టి మరీ వాడుకున్నారు.

ఇక క్రాంక్ విరగడం సంగతి. షాఫ్టులు రద్దు చేసేది బ్లాకు నుంచి బయటికి పోయే కుదుపును. క్రాంక్ మీద, మెయిన్ బేరింగుల మీద పడే లోడు వాటి వల్ల పెద్దగా తగ్గదు. కాబట్టి వాటిని తీసినంత మాత్రాన క్రాంక్ విరగదు. క్రాంక్‌ని కాపాడేది వేరే ఉంది. ముందు పుల్లీలో రబ్బరు పొరతో ఉండి, క్రాంక్ మెలితిరిగే వణుకును మింగే డాంపర్ అది. షాఫ్టులు తీసేవాళ్ళలో కొందరు పనిలో పనిగా ఆ పుల్లీని కూడా మార్చి తేలికైన అల్యూమినియం పుల్లీ బిగిస్తారు. క్రాంక్‌కి అసలు ముప్పు అక్కడే.

ప్రశ్న: నా దగ్గర 1997 మిత్సుబిషి ఎక్లిప్స్ జిఎస్ఎక్స్ కారు ఉంది, 4జి63 టర్బో. టైమింగ్ బెల్ట్ ఎలాగూ మార్చాలి. అదే పనిలో బ్యాలెన్స్ షాఫ్టులు తీసేద్దామనుకుంటున్నాను. ఏమేం కావాలి, ఎక్కడ జాగ్రత్తపడాలి? వివరంగా రాయండి.
– పాఠకుడు, న్యూజెర్సీ, అమెరికా

జవాబు: మీ ఇంజిన్లో తీయడానికి గట్టి కారణమే ఉంది. క్రాంక్‌తో పాటు వాల్వుల్ని నడిపే పెద్ద టైమింగ్ బెల్ట్ వెనకాల, క్రాంక్‌కి ఆనుకుని, ఒక చిన్న బెల్ట్ కుడి షాఫ్టును తిప్పుతుంది. అది తెగినా, దాన్ని బిగువుగా ఉంచే టెన్షనర్ వదులైనా, ఆ పీలికలు పెద్ద బెల్ట్ కిందికి చేరతాయి. పెద్ద బెల్ట్ పళ్ళు దాటేస్తుంది, వాల్వులు పిస్టన్లకు తగిలి వంగిపోతాయి. షాఫ్టు బేరింగ్ పట్టేసినా జరిగేది ఇదే. రెండు బెల్టులనూ 60,000 మైళ్ళకు తప్పక మార్చేవాళ్ళకు ఈ భయం అంతగా ఉండదు. ఎప్పుడు మార్చారో తెలియని పాత బండికైతే ఉంటుంది.

కావాల్సినవి: ఎడమ షాఫ్టు స్థానంలో వేసే పొట్టి స్టబ్ షాఫ్ట్, ముందు కేసులో కుడి షాఫ్టు సీలు కూర్చునే రంధ్రానికి మూత, కొత్త షాఫ్టు బేరింగులు (ఆయిల్ రంధ్రం లేనివి దొరికితే ఇంకా మంచిది), ముందు కేసు ప్యాకింగు, క్రాంక్ ముందు సీలు, ఆయిల్ పంప్ సీలు, ఛాంబర్‌కి (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) సీలెంట్. వీటికి తోడు టైమింగ్ బెల్ట్, టెన్షనర్ పుల్లీ, ఐడ్లర్, హైడ్రాలిక్ టెన్షనర్, వాటర్ పంప్ కూడా ఇప్పుడే మార్చేయండి. ఇంత విప్పి పాత వాటర్ పంప్ ఉంచేయడం బుద్ధితక్కువ పని.

ఇంజిన్ కిందికి దించి చేయడమే మేలు. బండిలోనే చేసినవాళ్ళున్నారు. కానీ వెనక బేరింగ్ బ్లాకు లోపల ఎక్కడో ఉంటుంది, చెయ్యి పట్టదు. బేరింగ్ ఏ కోణంలో కూర్చుందో కంటితో చూడాల్సిన పని ఇది.

బెల్టులు, క్రాంక్ స్ప్రాకెట్లు, ఛాంబర్, ఆయిల్ స్ట్రెయినర్ తీశాక ముందు కేసు దగ్గరికి వస్తారు. మీ ఎడమ షాఫ్టుకు బెల్ట్ ఉండదు. ఆయిల్ పంప్‌లోని రెండో గేరుకు బోల్టుతో బిగించి ఉంటుంది, పంప్ తిరిగితే అదీ తిరుగుతుంది. ఆ బోల్టు విప్పేటప్పుడు షాఫ్టు తిరగకుండా బ్లాకు పక్కనున్న ప్లగ్గు తీసి, 8 మి.మీ. మందమున్న స్క్రూడ్రైవర్ కాడను రంధ్రంలోకి దూర్చి పట్టుకోవాలి. ముందు కేసు బోల్టులన్నీ ఒకే పొడవు కావు. ఒక అట్టముక్క మీద కేసు ఆకారం గీసి, ఏ బోల్టు ఎక్కడిదో అక్కడే గుచ్చి పెట్టుకోండి. పొడవాటి బోల్టును పొట్టి రంధ్రంలో బిగిస్తే దారం చెడుతుంది, లేదా బ్లాకు పగులుతుంది.

షాఫ్టులు బయటికొచ్చాక అసలు పని మొదలవుతుంది. బేరింగుల వెనక బ్లాకులో ఆయిల్ వచ్చే రంధ్రాలున్నాయి. షాఫ్టు లేకుండా ఆ దారి తెరిచి ఉంటే ఆయిల్ నేరుగా ఛాంబర్‌లోకి కారిపోతుంది, మెయిన్ బేరింగులకు అందాల్సిన ఒత్తిడి పడిపోతుంది. అందుకే పాత బేరింగులు పుల్లర్‌తో లాగేసి, కొత్తవాటిని వాటి రంధ్రం బ్లాకు రంధ్రానికి ఎదురుగా రాకుండా పావు చుట్టు తిప్పి దిగ్గొట్టాలి. బేరింగ్ వీపు బ్లాకు రంధ్రాన్ని మూసేస్తుంది. దిగ్గొట్టాక టార్చి వేసి చూడండి. ఆయిల్ రంధ్రం అంచు చంద్రవంకలా కొద్దిగా కనిపించినా తీసి మళ్ళీ వేయండి. పాత బేరింగునే తిప్పి వేస్తామంటారు కొందరు. లాగేటప్పుడు దాని ఒంపు చెడి ఉంటుంది, గట్టిగా కూర్చోదు. పది డాలర్ల వస్తువు దగ్గర పొదుపు చేసి ఇంజిన్ మీదికి తెచ్చుకోవద్దు.

ఎడమవైపు మాత్రం ఖాళీగా వదలడానికి వీల్లేదు. పంప్ రెండో గేరుకు ఆసరా ఆ షాఫ్టే. అందుకే స్టబ్ షాఫ్ట్. పాత షాఫ్టునే లేత్ మీద కోసి వాడేవాళ్ళూ ఉన్నారు. అలా కోసినప్పుడు కోసిన ముఖంలో ఆయిల్ రంధ్రం తేలితే దానికి దారం తీసి ప్లగ్గు బిగించాలి. జర్నల్ (బేరింగులో తిరిగే నున్నటి భాగం) మీద ఒక్క గీత కూడా పడకూడదు. కొత్త స్టబ్ దొరుకుతున్నప్పుడు ఈ తంటా ఎందుకన్నది మా అభిప్రాయం. గేరు బోల్టుకు త్రెడ్‌లాక్ వేసి, పుస్తకంలో ఇచ్చిన టార్క్‌కే బిగించండి.

కుడి షాఫ్టు సీలు ఉన్న చోట మూతను నిటారుగా కొట్టండి, అంచుకు పలచగా సీలెంట్ పూయండి. చిన్న బెల్ట్ నడిపిన క్రాంక్ స్ప్రాకెట్‌ను పారేయకండి. అదక్కడే ఉండాలి, లేదా అంతే మందం ఉన్న స్పేసర్ రావాలి. అది లేకపోతే పెద్ద స్ప్రాకెట్ లోపలికి జరిగి బెల్ట్ పక్కకు నడుస్తుంది. మీ 1997 మోడల్‌లో క్రాంక్ సెన్సర్ రేకు కూడా ఆ వరసలోనే ఉంటుంది. దాన్ని తిరగేసి వేస్తే బండి స్టార్టవదు. మీరు రెండు రోజులు స్పార్కు కోసం వెతుకుతూ కూర్చుంటారు.

బెల్ట్ వేశాక హైడ్రాలిక్ టెన్షనర్ పిన్ను లాగి, క్రాంక్‌ని చేత్తో తిప్పి, కాసేపు ఆగి, టెన్షనర్ రాడ్ బయటికొచ్చిన పొడవు 3.8 నుంచి 4.5 మి.మీ. మధ్య ఉందో లేదో కొలవండి. టెన్షనర్‌ను వైస్‌లో నొక్కేటప్పుడు మెల్లగా నొక్కాలి, తొందరపడితే లోపలి సీలు పోతుంది.

పంప్ విప్పారు కాబట్టి గేర్ల మధ్య వాజెలిన్ నింపి మూయండి. లేకపోతే పంప్ గాలి పీలుస్తూ ఆయిల్ ఎత్తదు. ప్లగ్గులు తీసేసి, ఇగ్నిషన్, ఇంజెక్టర్ల కనెక్షన్లు విప్పి, ఆయిల్ ప్రెషర్ కనిపించేదాకా స్టార్టర్ కొట్టండి. ఆ తర్వాతే ప్లగ్గులు. మెకానికల్ గేజ్ ఒకటి పెట్టుకోండి. ఇంజిన్ బాగా వేడెక్కాక ఐడిల్‌లో సుమారు 11 పిఎస్ఐ కన్నా తగ్గకూడదు. తగ్గిందంటే ఏదో ఒక బేరింగ్ రంధ్రం మూసుకోలేదని అర్థం.

దీనికి తలకిందులైన తంటా ఇంకొకటి ఉంది. షాఫ్టు బేరింగులకు పోయే ఆయిల్ మిగలడంతో పై వేగాల్లో ప్రెషర్ మరీ పెరుగుతుంది. గేజ్ ముల్లు 100 పిఎస్ఐ దాటిపోవడం ఈ ఇంజిన్లో కొత్తేమీ కాదు. టర్బో సీళ్ళ దగ్గర ఆయిల్ కారడం, ఫిల్టర్ ఉబ్బడం, హైడ్రాలిక్ లిఫ్టర్లు బిగుసుకోవడం దీని ఫలితాలు. రిలీఫ్ వాల్వు దారిని కొంచెం వెడల్పు చేయడం దీనికి మందు. స్ప్రింగును కత్తిరించకండి, ఐడిల్ ప్రెషర్ కూడా పోతుంది.

ఒక సుఖం మాత్రం దక్కుతుంది. ఇకమీదట టైమింగ్ బెల్ట్ మార్చేటప్పుడు ఆయిల్ పంప్ స్ప్రాకెట్ ఏ స్థానంలో ఉన్నా ఫర్వాలేదు.

ప్రశ్న: అంత కష్టమెందుకు? చిన్న బెల్ట్ ఒక్కటి కోసి తీసేస్తే చాలదా? మా దగ్గర కొందరు అలాగే చేసి పంపిస్తున్నారు.
– మెకానిక్, ఆటోనగర్, విజయవాడ

జవాబు: 4జి63 రకం ఇంజిన్లలో చిన్న బెల్ట్ నడిపేది కుడి షాఫ్టునే. ఎడమది ఆయిల్ పంప్‌తో పాటు తిరుగుతూనే ఉంటుంది. రెండూ ఉన్నప్పుడు చెల్లిపోయిన అడ్డ బలం ఇప్పుడు ఒంటరిగా మిగులుతుంది. నిలువు కుదుపు సగమే తగ్గింది, దానికి అంతే సైజు అడ్డ కుదుపు తోడైంది. 6,000 దగ్గర దాదాపు 600 కిలోల బలం ఇంజిన్ చుట్టూ గిర్రున తిరుగుతున్నట్టు లెక్క. ఇంజిన్ మౌంటింగులు నిలువు కదలికను ఓర్చుకున్నంతగా పక్క కదలికను ఓర్చుకోవు.

బెల్ట్ తెగే భయం పోయిందన్న మాట నిజమే. రోడ్డు మీద ఆగిపోయిన బండిని ఇంటికి చేర్చడానికైతే సరే. కానీ అలా చేసి, చెప్పకుండా కస్టమర్‌కి ఇవ్వడం తప్పు. బిల్లు మీద రాసివ్వండి. రేపు ఆ బండి ఇంకో షెడ్డుకు వెళ్తే, ఆ వణుకు ఎక్కడిదో తెలియక పాపం వాళ్ళు మౌంటింగులన్నీ మార్చుకుంటూ పోతారు.

ప్రశ్న: పాత హోండా అకార్డ్ 2.3. టైమింగ్ బెల్ట్, బ్యాలెన్సర్ బెల్ట్ రెండూ మార్పించాను. అప్పటినుంచి 2,500 దాటితే పెడల్స్, గేర్ రాడ్ జుమ్మంటున్నాయి. పికప్ బాగానే ఉంది. షాఫ్టులు తీసేయమని సలహా ఇస్తున్నారు.
– పాఠకురాలు, బెంగళూరు

జవాబు: తీసేయక్కర్లేదు. గోటితో పోయేదానికి గొడ్డలెందుకు? బెల్ట్ మార్చినప్పుడు వెనక షాఫ్టు స్థానం తప్పింది, అంతే. పికప్ బాగుందంటే కామ్ టైమింగ్ సరిగ్గానే ఉందన్నమాట. స్థానం తప్పిన షాఫ్టు కుదుపును రద్దు చేయకపోగా దానికి తన బలం కూడా కలుపుతుంది. అందుకే షాఫ్టు అసలు లేని ఇంజిన్ కన్నా మీ బండి ఎక్కువ జుమ్మంటోంది.

వెనక షాఫ్టు వ్యతిరేక దిశలో తిరగాలి కనుక దానికి మధ్యలో గేర్ కేసు ఉంటుంది. పుల్లీ మీది గుర్తు ఒక్కటే చూసి బెల్ట్ ఎక్కిస్తే లోపల షాఫ్టు తప్పు స్థానంలో ఉండిపోవచ్చు. హోండా పద్ధతి ఇది: 6 × 100 మి.మీ. బోల్టు తీసుకుని, చివరి నుంచి 74 మి.మీ. దగ్గర గీత గీయాలి. బ్లాకు వెనక మెయింటెనెన్స్ రంధ్రం ప్లగ్గు తీసి బోల్టును లోపలికి తోయాలి. గీత రంధ్రం ముఖానికి సరిగ్గా వచ్చేదాకా దిగితే షాఫ్టు తన స్థానంలో ఉన్నట్టు. బోల్టు అలాగే ఉంచి బెల్ట్ ఎక్కించి, బిగించాక తీయాలి. మెకానిక్‌ని ఈ ఒక్క మాట అడగండి: 74 మి.మీ. బోల్టు పెట్టి చూశారా అని. ముఖం చూస్తే తెలిసిపోతుంది.

ఇదే పొరపాటు 4జి63లోనూ జరుగుతుంది. అక్కడి పరీక్ష ఇంకా సులువు. పైన చెప్పిన 8 మి.మీ. స్క్రూడ్రైవర్ బ్లాకు రంధ్రంలోకి 60 మి.మీ. దిగాలి. 20–25 మి.మీ. దగ్గరే తగిలి ఆగితే పంప్ స్ప్రాకెట్‌ను ఒక పూర్తి చుట్టు తిప్పి మళ్ళీ చూడాలి. స్ప్రాకెట్ మీది గుర్తు రెండు సందర్భాల్లోనూ సరిగ్గానే కనిపిస్తుంది, మోసం అక్కడే. చిన్న బెల్ట్ బిగువు వేలితో నొక్కితే 5 నుంచి 7 మి.మీ. లోపలికి పోయేలా ఉండాలి. మరీ బిగిస్తే ఈలలాంటి కూత వస్తుంది.

ప్రశ్న: ఫోక్స్‌వ్యాగన్ పసాట్ 2.0 టిడిఐ డీజిల్, పంప్ డ్యూస్ ఇంజిన్ (ప్రతి సిలిండర్‌కీ విడి పంప్-ఇంజెక్టర్ ఉండే రకం), సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. ఆయిల్ పంప్ నడిపే చిన్న కడ్డీ అరిగితే ఇంజిన్ మొత్తం పోతుందని విన్నాను. ఎంతవరకు నిజం?
– పాఠకుడు, హైదరాబాద్

జవాబు: నిజం. షాఫ్టులు తీసేయమని మేం కూడా ఆలోచించకుండా చెప్పే సందర్భాలు తక్కువ, మీది వాటిలో ఒకటి కావచ్చు. ఆ ఇంజిన్లలో ఛాంబర్ లోపల బ్యాలెన్స్ షాఫ్టుల పెట్టె, దాని చివర ఆయిల్ పంప్ ఉంటాయి. షాఫ్టు నుంచి పంప్‌కి తిప్పుడు అందించేది పెన్సిల్ అంత ఆరు పలకల కడ్డీ. తొలి రకంలో దాని పొడవు 77 మి.మీ. గేరు రంధ్రంలో అది పట్టుకునే మేర చాలా తక్కువ. కడ్డీ మూలలూ, రంధ్రం మూలలూ కలిసి అరిగి గుండ్రమవుతాయి. ఒకరోజు కడ్డీ జారి పంప్ ఆగుతుంది. మొదట పోయేది టర్బో, వెనకే బేరింగులు.

ఛాంబర్ దింపించి కడ్డీ లాగి చూడండి. మూలలు పదునుగా ఉండాలి. మూల మెరుస్తూ గుండ్రంగా తిరిగితే ఇక ఆలస్యం చేయొద్దు. కడ్డీ ఒక్కటే కొత్తది వేస్తే సరిపోదు, అరిగిన గేరు రంధ్రం కొత్త కడ్డీని కూడా తినేస్తుంది. రెండు దారులున్నాయి. తర్వాత వచ్చిన పొడవైన, 100 మి.మీ. కడ్డీ ఉన్న పెట్టె వేయడం మొదటిది. రెండోది షాఫ్టుల పెట్టె మొత్తం తీసేసి 1.9 టిడిఐలో ఉండే చైన్‌తో నడిచే పంప్ వేయడం. దానికి పంప్, చైన్, టెన్షనర్, క్రాంక్ స్ప్రాకెట్, ముందు సీలు ఫ్లాంజి, ఆయిల్ పీల్చే గొట్టం ఒకే సెట్‌గా కావాలి. ఒకదానికి బదులు ఇంకొకటి వేస్తే కుదరదు. రెండో దారిలో కుదుపు పెరుగుతుంది. కానీ డీజిల్ కాబట్టి మీరు 4,500 దాటరు, భరించొచ్చు. బండి ఇంకో ఐదారేళ్ళు ఉంచుకుంటారంటే, కొత్త పెట్టె ధరకు తట్టుకోగలిగితే, మొదటి దారే సుఖం.

ఈలోగా ఎర్ర ఆయిల్ లైటు వెలిగి బజర్ మోగిందంటే పక్కకు తీసి అప్పటికప్పుడు ఆపేయండి. "పెట్రోల్ బంకు దాకా వెళ్దాం" అనుకుంటే ఇంజిన్ అక్కడిదాకా రాదు.

ప్రశ్న: పజేరో స్పోర్ట్ 2.5 డీజిల్. షాఫ్టులు తీస్తే మైలేజీ పెరుగుతుందా?
– పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: తెలిసేంత పెరగదు. మీది 4డి56 ఇంజిన్, 91.1 × 95 మి.మీ. బరువైన డీజిల్ పిస్టన్లు, పొడవు స్ట్రోక్. హైవే మీద షాఫ్టులు చేసే మేలు మీకు పూర్తిగా అందుతోంది. అయితే ఇందులోనూ చిన్న బెల్ట్ ఉంది, అది తెగితే పెద్దదాని మీద పడే ప్రమాదమూ ఉంది. కాబట్టి టైమింగ్ బెల్ట్ మార్చిన ప్రతిసారీ చిన్న బెల్ట్, రెండింటి టెన్షనర్లూ మార్చండి. బిల్లులో "బెల్ట్ కిట్" అని ఒకే వరస రాసి ఉంటే, తీసేసిన పాత బెల్టులు రెండూ చూపించమనండి.

ప్రశ్న: షాఫ్టులు తీస్తే పది, పదిహేను హార్స్‌పవర్ పెరుగుతుందంటారు. ట్రాక్ బండికి హోండా కె24 సిద్ధం చేస్తున్నాను. క్రాంక్, రాడ్లు, పిస్టన్లు గ్రాము తేడా లేకుండా బ్యాలెన్స్ చేయిస్తే వైబ్రేషన్ కూడా ఉండదు కదా?
– పాఠకుడు, చెన్నై

జవాబు: రెండో మాట ముందు. క్రాంక్ బ్యాలెన్సింగ్ తప్పక చేయించండి, కానీ సెకండరీ ఫోర్స్ దానికి లొంగదు. నాలుగు పిస్టన్లూ సమానంగా ఉన్నప్పుడు కూడా మిగిలే బలమే అది. దాన్ని తగ్గించేవి మూడే: పిస్టన్ బరువు, స్ట్రోక్, రాడ్ పొడవు. 600 గ్రాముల్లో 50 తగ్గిస్తే బలం ఎనిమిది శాతం తగ్గుతుంది. 4జి63లో 150కి బదులు 156 మి.మీ. రాడ్ వేస్తే నాలుగు శాతం. అదే ఇంజిన్లో దాని పెద్దన్న లాంటి 4జి64 ఇంజిన్ నుంచి 100 మి.మీ. స్ట్రోక్ క్రాంక్ తెచ్చి వేసినవాళ్ళకు దాదాపు ముప్పై శాతం పెరుగుతుంది. మీ కె24 స్ట్రోక్ 99 మి.మీ., రాడ్ 152. షాఫ్టులు తీస్తే, పిస్టన్ బరువు అంతే అనుకుంటే, 4జి63 కన్నా దాదాపు పావు వంతు ఎక్కువ కుదుపు భరించాలి.

హార్స్‌పవర్ విషయంలో అంత ఆశ పెట్టుకోవద్దు. 7,000 ఆర్‌పిఎం దగ్గర షాఫ్టులు 14,000 చొప్పున ఆయిల్‌ని చిలుకుతూ తిరుగుతాయి. ఆ భారం పోతుంది, రేసింగ్ ఇస్తే ఇంజిన్ చురుగ్గా ఎక్కుతుంది. కానీ మిగిలేది పై వేగాల్లో కొద్దిపాటి లాభమే, నగరం రోడ్ల మీద ఏమీ తెలియదు. కె24లో తీయడానికి అసలు కారణం వేరు. షాఫ్టులతో కలిసి ఉండే దాని ఆయిల్ పంప్ 7,000 పైన నిలకడగా తిరగడానికి చేసింది కాదు. షాఫ్టులు లేని కె20ఎ2 రకం పంప్, దాని చైన్, గైడ్, టెన్షనర్, ఛాంబర్ లోపలి బాఫిల్ రేకు అన్నీ కలిపి వేయడం నడుస్తున్న పద్ధతి. రేకును కొంచెం కత్తిరించాల్సి వస్తుంది. ఛాంబర్ మూసే ముందు క్రాంక్‌ని చేత్తో రెండు చుట్లు తిప్పి, ఎక్కడా రాసుకోవడం లేదని చూడండి. 7,000 దాటించే ఉద్దేశం లేకపోతే షాఫ్టుల్ని ముట్టుకోకండి.

ప్రశ్న: మా ఎకోస్పోర్ట్ 1.5 పెట్రోల్ మూడు సిలిండర్లది. దానిలో కూడా బ్యాలెన్స్ షాఫ్ట్ ఉందట. అదీ తీయొచ్చా?
– పాఠకుడు, వరంగల్

జవాబు: వద్దు. మూడు సిలిండర్లలో ఆ షాఫ్టు పని వేరు. ఇంజిన్ ఒక కొస లేస్తే ఇంకో కొస దిగే ఊపును అది ఆపుతుంది, క్రాంక్ వేగంతోనే ఎదురు తిరుగుతుంది. తీస్తే ఐడిల్ నుంచే తెలుస్తుంది.

ప్రశ్న: నేను కొన్న బండికి షాఫ్టులు ముందే తీసేసి ఉన్నాయి. దేనిమీద కన్నేసి ఉంచాలి?
– పాఠకుడు, తిరుపతి

జవాబు: ఇంజిన్‌కి కాక, ఇంజిన్‌కి తగిలించిన వాటికి ముప్పు. ఆల్టర్నేటర్ బ్రాకెట్, ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ స్టడ్లు, టర్బో కింది ఆసరా పట్టీ, ఆయిల్ స్ట్రెయినర్ గొట్టం వెల్డింగు, వైరింగ్ బ్లాకుకు ఆనుకుని పోయే చోట్లు, సెన్సర్ కనెక్టర్ల క్లిప్పులు. పగుళ్ళు బ్రాకెట్ మధ్యలో రావు, బోల్టు రంధ్రం అంచున వస్తాయి, వెల్డింగు అంచు దగ్గర వస్తాయి. అక్కడ తుప్పురంగు సన్నగీత కనిపిస్తే అదే పగులు. గుడ్డతో తుడిచి చూడండి, తుడిస్తే పోయేది మురికి.

రబ్బరు మౌంటింగులు బాగున్నంతకాలం రోజువారీ బండికి పెద్ద బాధ ఉండదు. వాటిని తీసి పాలీయురేతేన్‌వి వేశారా చూడండి. షాఫ్టులు లేకపోవడం, గట్టి మౌంటింగులు, ఈ రెండూ కలిస్తే బాడీలో ప్రతి రేకూ మోగుతుంది. కొలతకు సరిపోయే కొత్త రబ్బరు మౌంటింగులు వేసుకుంటే సగం ఫిర్యాదులు పోతాయి. ఐదో గేర్‌లో హైవే వేగం 3,000–3,500 మధ్య పడుతుంటే, అక్కడే కుదుపు ఎక్కువైతే, 200 ఆర్‌పిఎం అటో ఇటో నడపండి. అది బాడీ, సీటు, స్టీరింగ్ కాలమ్ తమ సహజ కంపనంతో అందుకునే చోటు, కొంచెం జరిగితే సద్దుమణుగుతుంది.

ఇంకొకటి. ఆయిల్ ప్రెషర్‌ను గేజ్‌తో ఒకసారి, వేడి ఇంజిన్ మీద, ఐడిల్‌లోనూ 3,000 దగ్గరా కొలిపించి రాసిపెట్టుకోండి. తీసినవాళ్ళు ఆయిల్ రంధ్రాలు సరిగ్గా మూశారో లేదో ఛాంబర్ దింపకుండా చెప్పగలిగేది అదొక్కటే. డ్యాష్‌బోర్డులోని లైటును నమ్మకండి, అది చాలా తక్కువ ప్రెషర్ దగ్గర గానీ వెలగదు.